ఆరుబయట పాఠం: ఒక్క ప్రశ్న, ఒక దారం, ఇరవై నిమిషాలు

ఆరుబయట పాఠం అనగానే చాలామంది టీచర్లకు బస్సు, అనుమతి పత్రాలు, దారిలో వాంతులు చేసుకునే పిల్లలు గుర్తొస్తారు. ఆ ప్రయాణాల జోలికి నేను పోను. తరగతి గది తలుపు దాటి ఓ వంద అడుగుల లోపల, మామూలు పీరియడ్‌లో, పుస్తకంలో ఉన్న పాఠాన్నే నేల మీద ఎలా చెప్పాలో చెబుతాను. నాకు అలవాటైనవి మూడో తరగతి, నాలుగో తరగతి. ఒకటో తరగతి వాళ్లయితే సమయం సగానికి తగ్గించండి. ఐదో తరగతికైతే లెక్క పెంచండి.

నా పట్టుదల ఒకటి ముందే చెప్పేస్తాను. బయటికి తీసుకెళ్లిన పాఠం మంచిదా కాదా అన్నది బయట తేలదు. బయలుదేరే ముందు బోర్డు మీద రాసిన ప్రశ్న దగ్గర, తిరిగొచ్చాక నోటు పుస్తకంలో పడిన నాలుగు వాక్యాల దగ్గర తేలుతుంది. మధ్యలో ఎంత సందడిగా గడిచినా ఈ రెండు కొసలూ లేకపోతే అది ఆటల పీరియడే. ఆటల పీరియడ్ మంచిదే, దానికి వేరే గంట ఉంది.

ముందు మీరొక్కరే వెళ్లండి

పాఠానికి ముందురోజు, పిల్లల్ని తీసుకెళ్లబోయే వేళకే, ఆ చోటికి వెళ్లి ఓ ఐదు నిమిషాలు నిలబడండి. వేళ ముఖ్యం. పొద్దున నీడగా ఉన్న మూల మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. పక్క తరగతి కిటికీ ఎంత దూరంలో ఉందో చూడండి. లోపల వాళ్లకు పరీక్ష జరుగుతుంటే మీవాళ్ల కేకలు నేరుగా వాళ్ల చెవిలో పడతాయి. గాజుపెంకులు, ముళ్లు, మూత లేని కాలువ, చూరు కింద కందిరీగల గూడు, చెట్టు మొదట్లో తొర్ర ఉన్నాయేమో వెతకండి. గూడో తొర్రో కనిపిస్తే దాన్ని కదిలించే పని పెట్టుకోకుండా చోటే మార్చేయండి.

చోటు చిన్నదైతేనే మేలు. పెద్ద మైదానం ఉందని మురిసిపోయే టీచర్లుంటారు. నాకైతే మైదానమంటే బెంగ. తరగతి మొత్తం నాలుగు వైపులా చెదిరితే మీ గొంతు వాళ్లను వెనక్కి పిలవడానికే అరిగిపోతుంది. ఒక గోడ, ఒక చెట్టు, కాస్త మట్టి, కాస్త సిమెంటు నేల ఉంటే ఏడాదికి సరిపడా పాఠాలున్నట్టే. చెట్టు కూడా లేని బడుల్లో గోడ పగుల్లో మొలిచిన మొక్క, కుళాయి కింద పట్టిన నాచు కూడా పనికొస్తాయి. ఎంచుకున్న చోటును ఏడాదంతా మార్చకండి. ఆ చోటు పాతబడ్డాకే పిల్లలకు అందులో మార్పు కనిపించడం మొదలవుతుంది. కొత్త చోట ప్రతిదీ కొత్తే కాబట్టి దేన్నీ నిలబడి చూడరు.

బోర్డు మీద ప్రశ్న

“ఆవరణలో ఏమేం ఉన్నాయో చూసి రాయండి” అని పంపితే ఏమొస్తుందో మీకు తెలుసు. చెట్టు, రాయి, మట్టి, ఆకు. గదిలోంచి కదలకుండానే రాయగల జాబితా అది. అక్కడికి వెళ్తే తప్ప జవాబు దొరకనిదే సరైన ప్రశ్న. “చీమలు గోడ ఎక్కేటప్పుడు ఒకే దారిలో వెళ్తున్నాయా, తలో దారిలోనా?” “చెట్టుకు ఏ పక్క నాచు ఎక్కువుంది?” “ఒకే చెట్టు మీది పది ఆకుల్లో అన్నింటికన్నా పొడుగైనదానికీ పొట్టిదానికీ తేడా ఎంత?” ఇలాంటివి. ఒక రోజుకు ఒక్క ప్రశ్న. రెండు రాస్తే రెండోదాని కోసం మొదటిదాన్ని తొందరగా ముగించేస్తారు.

ప్రశ్న రాశాక తలుపు తీయడానికి ముందే ప్రతి ఒక్కరి చేతా జవాబు ఊహించి రాయించండి. తప్పైనా ఫర్వాలేదని చెప్పి వదిలేస్తే చాలదు. ఆ ఊహకు మార్కులుండవని, దాన్ని తర్వాత కొట్టేయకూడదని కూడా చెప్పండి. ఊహ రాసుకున్న పిల్లవాడు బయట తన జవాబును వెతుక్కుంటాడు. రాయనివాడు పక్కవాడి జవాబు చూస్తాడు.

చేతిలో అట్ట, దానికి క్లిప్పుతో కాగితం, దారంతో కట్టిన పెన్సిల్ ఉండాలి. కట్టని పెన్సిల్ గడ్డిలో పోతుంది, దాన్ని వెతకడంలో ముగ్గురి పీరియడ్ పోతుంది. రబ్బరు మాత్రం లోపలే ఉంచమంటాను. తప్పు రాస్తే దాని మీద ఒక గీత కొట్టి పక్కన రాయాలి. చెరిపే పిల్లలు చూడటం మానేసి కాగితాన్ని అందంగా చేసుకుంటూ కూర్చుంటారు. ఈ రబ్బరు సంగతిలో నాతో వాదించే టీచర్లు చాలామందే ఉన్నారు.

తలుపు దాటడం

పీరియడ్ 40 నిమిషాలనుకుంటే ఐదు నిమిషాలు ప్రశ్నకు, 20 నిమిషాలు బయట, మిగిలిన 15 మళ్లీ గదిలో. వరుసలో వెళ్లే ఆ రెండు మూడు నిమిషాలు బయటి లెక్కలోంచే పోతాయి. అందుకని నియమాలు గదిలోనే చెప్పేయండి, బయట ఎవరి చెవికీ ఎక్కవు. నా నియమాలు మూడే: సరిహద్దుగా పరిచిన తాడు దాటకూడదు, దేన్నీ నోట్లో పెట్టకూడదు, నా చెయ్యి పైకి లేస్తే మీ చెయ్యి కూడా లేపి నోరు మూయాలి. ఈల నేను వాడను. ఈలంటే వాళ్లకు పరుగు పందెమే గుర్తొస్తుంది.

జంటలుగా పంపండి, ప్రతి జంటకూ ఒక అంకె ఇవ్వండి. లెక్క చూసుకోవాలంటే “ఒకటి, రెండు” అని వాళ్లే వరసగా చెప్పేస్తారు. వెళ్లేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి లెక్కపెట్టడం ఎంత అనుభవమొచ్చినా మానకూడదు.

చేరగానే పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టండి. వరుసగా నిలబెడితే వెనకవాళ్లు లేనట్టే. మీరు నిలబడే చోటు విషయంలో రెండు చిట్కాలు. ఎండ మీ మొహం మీద పడాలి, వాళ్ల వీపు మీద పడాలి. వాళ్ల కళ్లలో ఎండ కొడితే మీ మాట సగమే వింటారు, సగం కళ్లు చికిలించడానికే పోతుంది. గాలి మీ వైపు నుంచి వాళ్ల వైపు వీచేలా చూసుకోండి. గాలికి ఎదురుగా మాట్లాడితే గొంతు చించుకున్నా ఆఖరి పిల్లకు వినపడదు. రెండూ ఒకేసారి కుదరనప్పుడు నేను ఎండకే మొగ్గుతాను.

మొదటి రెండు మూడు సార్లు పని ఇచ్చే ముందు ఓ రెండు నిమిషాలు ఊరికే వదిలేయండి. ఎగురుతారు, రాళ్లు ఏరతారు, ఎవరో ఒకరు పడతారు కూడా. ఆ తహతహ తీరకుండా పని చెబితే మీ మాటా వినరు, ఆటా ఆడలేరు. ఓ నెల గడిచేసరికి ఆ రెండు నిమిషాలు వాళ్లే అడగడం మానేస్తారు.

నీడ పాఠం, మొదటి నుంచి చివరిదాకా

కొత్తగా మొదలుపెట్టేవారికి నేనిచ్చే పాఠం నీడ. దీనికి సుద్దముక్క, దారం, ఎండ ఉంటే చాలు. ఒకే రోజు మూడు సార్లు బయటికి వెళ్లాలి కాబట్టి ఆ రోజు హాజరు అయిన వెంటనే మొదటిసారి వెళ్లండి.

సిమెంటు నేల మీద జంటలో ఒకరు నిలబడతారు. రెండోవారు వాళ్ల పాదాల చుట్టూ సుద్దతో గీసి లోపల పేరు రాస్తారు. తర్వాత నీడ చుట్టూ గీస్తారు, గీత పక్కన గడియారంలో వేళ రాస్తారు. నిలబడ్డవాళ్లు కదలకూడదు, చెయ్యి ఊపకూడదు. ఇక్కడే మొదటి గొడవ మొదలవుతుంది. “టీచర్, కాళ్ల దగ్గర గీయడం తేలిగ్గా ఉంది, తల దగ్గర ఎక్కడ గీయాలో తెలీట్లేదు!” నిజమే. కాళ్ల దగ్గర నీడ అంచు పదునుగా ఉంటుంది, తల దగ్గరికి వచ్చేసరికి మసకబారుతుంది. సూర్యుడు మనకు చుక్కలా కాక చిన్న బిళ్లలా కనిపిస్తాడు. ఆ బిళ్ల ఒక అంచు నుంచి వచ్చే వెలుగు, మరో అంచు నుంచి వచ్చే వెలుగు కాస్త వేరువేరు చోట్ల తలను దాటి నేల మీద పడతాయి. తల నేలకు దూరంగా ఉంది కాబట్టి ఆ తేడా అక్కడే కనిపిస్తుంది. మూడో తరగతికి ఇదంతా అక్కర్లేదు. “మసకలో మధ్యన గీయండి, అందరూ అలాగే గీయండి” అంటే చాలు. కొలతల్లో అందరిదీ ఒకే పద్ధతి ఎందుకుండాలో అప్పుడే అర్థమవుతుంది.

ఇప్పుడు ఊహ. “మధ్యాహ్నం ఇవే పాదాల్లో నిలబడితే నీ తల నీడ ఎక్కడ పడుతుందో అక్కడ ఇంటు గుర్తు పెట్టు.” చాలామంది అదే గీత మీద, ఇంకాస్త దూరంలో పెడతారు. కొందరు పొద్దుటి గీత దగ్గరే పెడతారు. పక్కకు పెట్టేవాళ్లు తక్కువ. మీరు ఏమీ అనకండి. మొహంలో కూడా కనిపించనివ్వకండి. పిల్లలు జవాబును టీచరు కనుబొమల్లో చదివేస్తారు.

మధ్యాహ్నం వెళ్లి అవే పాదాల్లో నిలబడితే నీడ పొట్టిదైపోయి పక్కకు తిరిగి ఉంటుంది. సాయంత్రం బడి వదిలే ముందు మూడోసారి వెళ్తే మళ్లీ పొడుగై ఇంకోవైపు పడుతుంది. రోజులో నీడ అన్నింటికన్నా పొట్టిగా ఉండేది సూర్యుడు బాగా పైకెక్కినప్పుడు. అది గడియారంలో సరిగ్గా 12 గంటలకే జరగాలని లేదు, చాలా చోట్ల కాస్త అటూ ఇటూ ఉంటుంది. నాలుగో తరగతికైతే ఇదే ఒక వారం పని. ఒక మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి, పదేసి నిమిషాలకు నీడ కొసన గుర్తులు పెట్టించి, ఎప్పుడు పొట్టిదో తేల్చమనండి. కర్ర నిటారుగా ఉందో లేదో తెలియాలంటే దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీసి చూడాలి. కర్రను ఇసుక బకెట్లో గుచ్చితే దాని ఎత్తును నేల నుంచి కొలవాలి, బకెట్ అంచు నుంచి కాదు. ఇది మరిచిపోతే లెక్కంతా తేడా వస్తుంది.

నీడ పొడవును ముందు దారంతో కొలిపించండి. దారం కత్తిరించి మూడు వేళల దారాలనూ గదిలో గోడకు పక్కపక్కన అంటిస్తే అదే వాళ్ల మొదటి కమ్మీ రేఖాచిత్రం. సెంటీమీటర్లు ఆ తర్వాత.

ఈ పాఠంలో తీపి భాగం ఇంకోటుంది. పొద్దున పొడుగ్గా ఉన్న నీడ పొట్టిదవుతూ వస్తుంది కదా, మధ్యలో ఒక క్షణం పిల్ల నీడ సరిగ్గా పిల్ల ఎత్తుకు సమానమవుతుంది. సరిగ్గా అప్పుడు జెండా స్తంభం నీడ కూడా స్తంభం ఎత్తే. స్తంభం ఎక్కకుండానే దాని ఎత్తు చేతికొస్తుంది. పిల్ల ఎత్తున్న దారాన్ని ఆమె నీడ పక్కన పరిచి, మరో జంటను స్తంభం దగ్గర సుద్దతో సిద్ధంగా ఉంచండి. “సమానం!” అని కేక వినగానే వాళ్లు నీడ కొసన గీత గీయాలి. దీనికి చెట్టుకన్నా స్తంభమే మేలు. కొమ్మలు వెడల్పుగా పరుచుకున్న చెట్టు నీడలో శిఖరం ఏదో తేలదు. సూర్యుడు తక్కువ ఎత్తులో నడిచే చలికాలంలో కొన్ని ప్రాంతాల్లో ఆ సమానమయ్యే క్షణం రానే రాదు. అప్పుడు పెద్ద పిల్లలతో నిష్పత్తి లెక్క చేయించండి. మీటరు కర్రకు రెండు మీటర్ల నీడ పడితే, పన్నెండు మీటర్ల నీడ వేసే స్తంభం ఎత్తు ఆరు మీటర్లు.

గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ కథ నేను ఇక్కడే చెబుతాను, ముందు చెప్పను. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులో ఉండేవాడు. దక్షిణాన సైనీ అనే ఊళ్లో ఏడాదికోసారి మధ్యాహ్నం నిలువు వస్తువులకు నీడ పడదని, అదే వేళకు ఉత్తరాన అలెగ్జాండ్రియాలో పడుతుందని అతనికి తెలుసు. ఆ నీడ కోణం వృత్తంలో యాభయ్యో వంతు. కాబట్టి రెండు ఊళ్ల మధ్య దూరాన్ని యాభైతో గుణిస్తే భూమి చుట్టుకొలత వస్తుందని లెక్క కట్టాడు. అప్పుడే తమ నీడ కొలిచి లోపలికొచ్చిన పిల్లలు ఈ కథను వినే తీరు వేరు. “మనం చేసిందే కదా టీచర్” అంటారు.

ఒక జాగ్రత్త: నీడ పాఠం రోజున సూర్యుణ్ని నేరుగా చూడాలని ఎవరో ఒకరికి తప్పక అనిపిస్తుంది. చూడకూడదని గదిలోనే గట్టిగా చెప్పండి. నీడకు ఎదురువైపు చెయ్యి చాపితే అటే సూర్యుడు, చూడకుండానే తెలుస్తుంది.

చూసింది, అనుకున్నది

నోటు పుస్తకంలో పేజీని నిలువుగా రెండుగా మడిపించండి. ఎడమ పక్క “చూసింది”, కుడి పక్క “అనుకున్నది”. తారీకు, వేళ, ఎండా మబ్బా అన్నది పైన రాయాలి. ఏడాది పొడవునా ఇదొక్కటి చేయించగలిగితే మిగతా చిట్కాలన్నీ వదిలేసినా నాకు అభ్యంతరం లేదు.

చీమల పాఠంతో ఇది బాగా కుదురుతుంది. గోడ మీదో సిమెంటు మీదో వరసగా వెళ్లే చీమలను వెతకండి, కుట్టే ఎర్రచీమలు కాకుండా చూసుకోండి. ఒక గుర్తు పెట్టి, ఒక నిమిషంలో అటు వెళ్లినవెన్ని, ఇటు వచ్చినవెన్ని అని జంటలో చెరో వైపు లెక్కపెట్టాలి. తర్వాత చీమలు లేని క్షణం చూసి, ఆ దారికి అడ్డంగా వేలితో గట్టిగా రుద్దండి. చీమలు నేల మీద వదిలే వాసన దారి అక్కడ తెగుతుంది. ముందు వచ్చిన చీమ అక్కడ ఆగుతుంది. మీసాలు ఆడిస్తుంది, పక్కకు వెళ్తుంది, వెనక్కి తిరుగుతుంది. వెనక వచ్చినవి దానికి గుద్దుకుంటాయి. కాసేపటికి ఏదో ఒకటి దాటుతుంది, దాని వెంట ఇంకోటి, అలా దారి మళ్లీ కలుస్తుంది.

గదిలోకి వచ్చాక కళ్లద్దాల పిల్ల ఒకతి ఎడమ పక్క రాసింది: “చీమలు భయపడ్డాయి.” పక్కన కూర్చున్న పిల్లవాడు ఒప్పుకోలేదు.

“భయం కనపడుతుందా?”

“ఆగిపోయాయి కదా.”

“మా తమ్ముడు బొమ్మ దొరికినా ఆగిపోతాడు.”

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, దాని మీద ఒక గీత కొట్టి, “గీత దగ్గర ఆగాయి, మీసాలు ఊపాయి” అని రాసింది. భయం మాటను కుడి పక్కకు మార్చి, చివర ఒక ప్రశ్నార్థకం పెట్టింది. ఆ ప్రశ్నార్థకం నేను చెప్పలేదు. వాసన సంగతి నేను మరునాడే చెప్పాను. అదే రోజు చెప్పేస్తే కుడి పక్క అందరిదీ ఒకటే అయిపోతుంది.

నీడ రోజున కూడా ఇదే తంతు. “నీడ జరిగింది” ఎడమ పక్క, “సూర్యుడు జరిగాడు” కుడి పక్క. భూమి తిరుగుతోందన్నది ఇంకా తర్వాతి మాట. దానికి టార్చిలైటు, బంతి, బంతికి అంటించిన అగ్గిపుల్ల కావాలి, గది చీకటి చేయాలి.

నాలుగు మీటర్ల దారం

నాలుగు మీటర్ల దారం కొసలు ముడేసి, నలుగురు నాలుగు మూలలు పట్టుకుంటే చదరపు మీటరు. అందులో ఎన్ని రకాల ప్రాణులున్నాయో చూడటమే పని. గడ్డి కూడా లెక్కలోకే వస్తుంది, పిల్లలు మొక్కలను ప్రాణుల్లో కలపడం మరిచిపోతారు. పేర్లు తెలియవని టీచర్లు జంకుతారు. “ఎర్ర కాళ్ల నల్ల పురుగు” అని రాస్తే చాలు, బొమ్మ వేస్తే ఇంకా మంచిది. కాళ్లు లెక్కపెట్టడం నేర్పండి. ఆరుంటే కీటకం, ఎనిమిదుంటే సాలీడు కుటుంబం. చాలా కాళ్లుండి, ముట్టుకుంటే చుట్టలా చుట్టుకునేది రోకలిబండ. పొడుగ్గా, బల్లపరుపుగా, చురుగ్గా పరిగెత్తేది జెర్రి, దాన్ని ముట్టకూడదు, కుడుతుంది. రాయి ఎత్తాల్సి వస్తే మీరే ఎత్తండి, అవతలి అంచు పట్టుకుని మీ వైపు ఎత్తితే కింద ఉన్నది పిల్లల వైపు కాక అటు పోతుందా అని ముందు చూసుకోండి. ఎత్తిన రాయిని ఉన్నట్టే మళ్లీ పెట్టాలి. దాని కిందిది ఎవరిదో ఇల్లు.

ఎండలో ఒక చదరం, నీడలో ఒక చదరం పెట్టించి పోల్చడం ఈ పాఠానికి సహజమైన రెండో రోజు.

వాన, కొలతలు, భాష

ఇవి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే పద్ధతి అదే.

అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పుండే డబ్బాను, గోడకూ చెట్టుకూ దూరంగా, ఆరుబయట పెట్టండి. వాన వెలిశాక స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో చదవాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్లు. పది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు ఉన్న ఆవరణ మీద ఐదు మిల్లీమీటర్లు కురిస్తే 400 లీటర్లు. ఐదో తరగతి వాళ్లు ఈ అంకె చూసి నమ్మరు, మళ్లీ గుణిస్తారు. ఆ మళ్లీ గుణించడమే మనకు కావలసింది. వాన మర్నాడు సిమెంటు నేల మీది నీటి గుంట చుట్టూ అరగంటకోసారి సుద్దతో గీసి, ప్రతి గీత మీదా వేళ రాయిస్తే ఆవిరి పాఠం తనంతట తానే జరిగిపోతుంది.

చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కొలవండి, చాలా దేశాల్లో అటవీశాఖల వాళ్లు కొలిచే ఎత్తు అదే. ఏడాదికోసారి, అదే నెలలో కొలిచి తలుపు వెనక రాసి ఉంచితే, వచ్చే ఏడాది పిల్లలకు పాత తరగతి వదిలివెళ్లిన అంకె దొరుకుతుంది.

భాషా పీరియడ్‌కు ఇంకా తేలిక. ప్రతి ఒక్కరూ ఒక్క ఆకు తెచ్చుకుని దాన్ని వర్ణిస్తూ ఐదు వాక్యాలు రాయాలి, “అందంగా”, “పచ్చగా” అన్న మాటలు వాడకూడదు. ఆకులన్నీ బల్ల మీద కలిపేసి, ఒకరు రాసింది మరొకరు చదివి ఆ ఆకును వెతకాలి. దొరక్కపోతే రాసిన పిల్లే వచ్చి వాక్యం దిద్దుకుంటుంది. ఎర్ర పెన్నుతో నేను దిద్దిన వాక్యాలకన్నా ఇలా దిద్దుకున్నవి ఎక్కువ కాలం నిలిచాయి.

అందరికీ పని

పురుగంటే భయపడే పిల్లను పురుగు దగ్గరికి లాగకండి. వేళ చూసి చెప్పే పని, లెక్క రాసే పని ఇవ్వండి. కొన్నాళ్లకు తనే వంగి చూస్తుంది, చూడకపోయినా నష్టం లేదు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడుంటే చోటు ఎంచుకునే రోజే అతని దారి చూసుకోవాలి. నేల మీది పాఠాన్ని గోడ మీదికో, కుర్చీకి అందే అరుగు మీదికో మార్చండి, అతనొక్కడికే కాకుండా అందరికీ అక్కడే చేయండి. దారం పట్టేవారు, రాసేవారు, వేళ చూసేవారు ప్రతిసారీ మారాలి. లేకపోతే చేతిరాత బాగున్న పిల్ల ఏడాదంతా రాస్తూనే ఉంటుంది, ఒక్క చీమనూ చూడదు.

అల్లరి చేశాడని ఒకణ్ని గదిలో కూర్చోబెట్టి మిగతావాళ్లను బయటికి తీసుకెళ్లడం నేను ఒప్పుకోను. లెక్కల్లో అల్లరి చేస్తే లెక్కల పాఠం మానిపించం కదా. వాణ్ని మీ పక్కనే నడిపించండి, తాడు మోయించండి.

ఒంటికి సంబంధించినవి

ఉరుము వినబడిందంటే వెంటనే లోపలికి రావాలి, వాన పడకపోయినా సరే. ఆఖరి ఉరుము విన్నాక 30 నిమిషాలు గడిచేదాకా మళ్లీ వెళ్లకూడదు. చెట్టు కింద తలదాచుకోవడం అన్నింటికన్నా చెడ్డది. ఎండ మండే కాలంలో పాఠాన్ని పొద్దున మొదటి పీరియడ్‌కు మార్చుకోండి, మంచినీళ్ల సీసాలు వెంట ఉండాలి. ఎవరికి ఏది పడదో, ఎవరికి ఉబ్బసం ఉందో, ఎవరి మందు ఎక్కడుందో ఏడాది మొదట్లోనే రాసుకోండి. తేనెటీగ కుడితే ముల్లును ఆలస్యం చేయకుండా గీకి తీసేయాలి. ఊపిరి అందకపోయినా, మొహం వాచినా బడిలో చూద్దామనుకోకుండా వెంటనే వైద్యసాయానికి కబురు పెట్టాలి. పుట్టగొడుగులు, తెలియని కాయలు ముట్టనివ్వకండి. కన్నాల్లో పుల్లలు పెట్టనివ్వకండి. తిరిగొచ్చాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడిగించండి. ఆ 20 సెకన్లకు మా తరగతిలో రెండో ఎక్కం ఉంది, రెండుసార్లు చదివితే సరిపోతుంది.

“చదువు పాడవుతోంది” అంటే

అంటారు. బట్టలకు మట్టి అంటిందని ఇంటి నుంచి, వరండాలో చప్పుడని పక్క గది నుంచి. వాదించవద్దు. రెండు నిలువు వరసల నోటు పుస్తకం తెరిచి చూపించండి, దానిలో భాష, లెక్క, విజ్ఞానం మూడూ ఉంటాయి. హెడ్మాస్టరు దగ్గర కాస్త చరిత్ర కూడా పనిచేస్తుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో బడి పెట్టి చెట్ల కింద తరగతులు నడిపించారు. 1904లో బెర్లిన్ పక్కన షార్లొటెన్‌బర్గ్‌లో ఆరోగ్యం బాగోని పిల్లల కోసం అడవి బడి తెరిచారు. తర్వాత చాలా దేశాల్లో అలాంటివి వచ్చాయి. మనం అడుగుతున్నది వారానికి ఒక్క పీరియడే.

ఆ పీరియడ్‌ను టైంటేబుల్లో పేరు పెట్టి రాయించండి. “వీలున్నప్పుడు” అని వదిలేస్తే వీలు ఎప్పటికీ దొరకదు. మబ్బు పట్టిన రోజుకు, వాన రోజుకు ఒక్కో ప్రశ్న ముందే రాసి పెట్టుకుంటే రద్దు చేయాల్సిన అవసరం కూడా రాదు.

పెట్టె

తలుపు పక్కన ఒక అట్టపెట్టె ఉంచండి. అందులో అట్టలు, నాలుగు మీటర్ల దారాలు, సరిహద్దు తాడు, సుద్దముక్కలు, టేపు, రెండు భూతద్దాలు, మీటరు కర్ర, ప్రథమ చికిత్స సంచి ఉండాలి. భూతద్దాన్ని ఎండలో వదిలేయకూడదు, ఎండిన ఆకులు అంటుకుంటాయి. దాన్ని వాడాక గుడ్డలో చుట్టే పెట్టాలి. దారాలను ఉండగా కాక అట్టముక్కకు చుట్టి పెట్టించండి, లేకపోతే వచ్చే వారం పది నిమిషాలు చిక్కులు తీయడానికే పోతాయి. పెట్టె మూత లోపలి వైపు వస్తువుల జాబితా అంటించి, సర్దే పని వారానికో జంటకు అప్పగించండి. ఏదైనా తగ్గితే గంట కొట్టేలోపు వాళ్లే వెళ్లి వెతికి తెస్తారు.